పాత గుడ్డలు ఏరిన ఆడవాళ్ళ చరిత్ర ఎక్కడ దొరుకుతుంది?

కాగితంపడవ: ఒకప్పుడు కాగితం గుడ్డపీలికలతోనే చేసేవారని ఈమధ్యే తెలిసింది. మరి ఆ పీలికలు ఏరిందీ వేరుచేసిందీ ఎవరని వెతికితే మిల్లు ఓనర్ల పేర్లు, మెషీన్లు కనిపెట్టినవాళ్ళ పేర్లే వస్తున్నాయి. ఆ పని ఎక్కువగా ఆడవాళ్ళదే అంటారు కదా, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

నూలుపోగు: నిజమేనండి. చెక్కని అరగదీసి గుజ్జు చేసే పద్ధతి జర్మనీలో కెల్లర్ 1840ల్లో కనిపెట్టాడు, అది మిల్లుల్లో బాగా కుదురుకునేదాకా యూరప్, అమెరికాల్లో కాగితమంటే పాత నారబట్టలూ నూలుబట్టలే. మిల్లులో గుడ్డల గది అని వేరే ఉండేది, అందులో దాదాపు అందరూ ఆడవాళ్ళే. బల్లకి కొడవలి లాంటి బ్లేడు నిలువుగా బిగించి ఉండేది, గుడ్డని దానికేసి లాగి కోస్తూ, కుట్లు విప్పి, బొత్తాలూ కొక్కేలూ తీసేసి, తెల్లవి వేరు రంగువి వేరు, నార వేరు నూలు వేరు అలా రోజంతా నిలబడి చేసేవాళ్ళు. ఏ బొత్తమో చూడక వదిలేస్తే ముందుకెళ్ళాక కాగితం పాడైపోయేది, అంటే కాగితం నాణ్యత వాళ్ళ కంటిమీదే మొదలయ్యేది కదండీ. ఆ దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు, ఎవరెవరో కట్టి విడిచిన గుడ్డలు కదా, మశూచి కూడా వాటితోనే అంటుకునేది. దీన్ని చేతకానివాళ్ళ పని అన్నట్టు రాస్తే నాకు చాలా కోపం వస్తుంది.

పాతసంచి: ఉన్ని బట్టలదీ అదే కథ. ఇంగ్లండ్‌లో బాట్లీ అనే ఊళ్ళో బెంజమిన్ లా 1813 ప్రాంతంలో పాత ఉన్ని చీల్చి మళ్ళీ దారం తీసి 'షాడీ' అనే బట్ట మొదలుపెట్టాడు. పేరు ఆయనది, గుడ్డలు వేరుచేసింది ఎక్కువగా ఆడవాళ్ళు.

రాత్రిదీపం: పారిస్ గురించి కూడా చెప్పాలి. అక్కడ ఆడా మగా వీపుకి బుట్ట, చేతిలో కొక్కెం, లాంతరు పట్టుకుని రాత్రిపూట వీధుల్లో పారేసిన గుడ్డలూ అవీ ఏరేవాళ్ళు. 1883లో పూబెల్ అనే అధికారి చెత్త డబ్బాల్లోనే పెట్టాలని ఆర్డర్ వేశాడు, వీళ్ళ పొట్టమీద కొట్టినట్టయింది, గట్టిగా ఎదురుతిరిగారు. ఫ్రెంచిలో చెత్తడబ్బాకి ఇప్పటికీ ఆయన పేరే.

కాగితంపడవ: చాలా థాంక్సండీ. మన దేశంలో ఎవరైనా గట్టిగా నిలబడ్డారా?

నూలుపోగు: పుణెలో నిలబడ్డారు. 1993లో చెత్త ఏరుకునేవాళ్ళు కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్ అని యూనియన్ పెట్టుకున్నారు, సభ్యుల్లో ఎక్కువమంది ఆడవాళ్ళే. తర్వాత వాళ్ళ సహకార సంఘం 'స్వచ్' కార్పొరేషన్‌తో ఒప్పందం చేసుకుని ఇంటింటికీ వెళ్ళి చెత్త తీసుకునే పని సంపాదించుకుంది.