ఈపీఎస్ పెన్షన్: 55కే తీసుకోవాలా, 58 దాకా ఆగాలా?

పటాన్‌చెరు ఫిట్టర్
అందరికీ నమస్కారం. నాకు 55 ఏళ్లు నిండాయి. నేను పనిచేసే ఫ్యాక్టరీ 2025 ఆగస్టు నెలాఖరుకు మూతపడింది. 2007 సెప్టెంబరులో చేరాను కాబట్టి పీఎఫ్ సర్వీస్ 18 ఏళ్లు. పీఎఫ్ డబ్బు సంగతి తర్వాత చూసుకుంటాను, ఇప్పుడు టెన్షన్ అంతా ఈపీఎస్ గురించే, అదే పీఎఫ్‌తో పాటు ఉండే ఉద్యోగుల పెన్షన్ పథకం. 58కి రావాల్సింది ముందే కావాలంటే 50 దాటాక కొంత కోసి ఇస్తారంట. మా బావమరిది ఇప్పుడే తీసేసుకోమంటున్నాడు, మా ఆవిడ వద్దంటోంది. సొంతిల్లు ఉంది. అమ్మాయి పెళ్లయింది, అబ్బాయికి ఇంకా ఉద్యోగం రాలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ అకౌంటెంట్
ముందు మీకు ఎంత వస్తుందో చూద్దాం. పెన్షన్ లెక్కకు తీసుకునే జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తారు. ఆ జీతానికి గరిష్ఠ పరిమితి 15,000 కాబట్టి చాలామంది 15,000ను 18తో గుణించి, 3,857 వస్తుందని ఆశపడతారు. అంత రాదు. 15,000 పరిమితి 2014 సెప్టెంబరు 1 నుంచే వచ్చింది. అంతకుముందు సర్వీసుకు 6,500 లెక్కే. మీ మొదటి ఏడేళ్లకు 650, తర్వాతి పదకొండేళ్లకు 2,357. మొత్తం 3,007.

ఇది 58కి వచ్చే మొత్తం. ముందుగా తీసుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున కోత. మూడేళ్లు ముందు కాబట్టి చేతికి వచ్చేది సుమారు 2,660. 58 రాగానే ఈ కోత పోతుందని కొందరు అనుకుంటారు, పోదు. బతికున్నన్నాళ్లూ అంతే.

గాజువాక లక్ష్మి
అన్నయ్యగారూ, తొందరపడకండి. వదినగారి గురించి కూడా ఆలోచించండి. మీ తర్వాత ఆవిడకు వచ్చేది మీ పెన్షన్‌లో సగం. మీరు కోయించుకుంటే ఆ సగం కూడా కోసిన దాంట్లోంచే వస్తుంది, అంటే 1,330. ఈ పెన్షన్‌కు డీఏ లేదు. ఈ రోజు ఎంత ఫిక్స్ అయితే ఇరవై ఏళ్ల తర్వాత గ్యాస్ బండకైనా మందులకైనా అదే అంకె. ఇంట్లో రోజు గడుస్తోందంటే ఆగడమే మంచిది.

లెక్క తేలాలి
లక్ష్మిగారూ, డీఏ లేదు కాబట్టే ముందు తీసుకోవాలంటాను నేను. పెరగని డబ్బు కోసం ఎదురుచూస్తే దాని విలువే తగ్గుతుంది.

మూడేళ్లలో 2,660 చొప్పున చేతికి వచ్చేది 95,760. దానికి బదులు నెలకు పోయేది 347. ఆ 347లు కూడి 95,760 అవడానికి 58 తర్వాత 23 ఏళ్లు పడుతుంది. అంటే ఆగినవాడు గెలవాలంటే 81 దాటి బతకాలి. వడ్డీ కూడా కలిపి చూడండి. ఆ 2,660ను ఏ నెలకానెల 7 శాతం డిపాజిట్‌లో వేస్తూ పోతే 58 నాటికి లక్షా ఆరు వేలు దాటుతుంది. దాని మీద నెలకు 620 వడ్డీ వస్తుంది. పోయేది 347, వచ్చేది 620, అసలు మన దగ్గరే ఉంటుంది. అదే ఈపీఎస్‌లో అయితే ఏకమొత్తంగా కొంత తీసుకునే వీలు, అసలు సొమ్ము వారసులకు తిరిగి వచ్చే ఏర్పాటు 2008లోనే ఎత్తేశారు.

60 దాకా ఆగితే ఏడాదికి 4 శాతం పెంచుతారని ఊరిస్తారు. అది ఇంకా నష్టం. రెండేళ్ల పెన్షన్ 72 వేలు వదులుకుంటే నెలకు పెరిగేది 245. అది తిరిగి రావాలంటే 84 దాటాలి.

గాజువాక లక్ష్మి
ఆ 2,660ను నెలనెలా డిపాజిట్‌లో ఎవరు వేస్తారండీ? ఫ్యాక్టరీ మూతపడిన ఇంట్లో అది బియ్యానికీ కరెంటు బిల్లుకీ పోతుంది. మా చుట్టుపక్కల ఎన్ని ఇళ్లు చూడలేదు! ఖర్చయిపోయాక ఆ 347 కోత మాత్రం మిగులుతుంది.

లెక్క తేలాలి
బియ్యానికి అవసరమైతే బియ్యానికే పోనివ్వండి. ఆ అవసరానికి పీఎఫ్ డబ్బు తీసి ఖర్చు పెడితే 2024-25కి 8.25 శాతం ఇచ్చిన ఖాతా తరుగుతుంది. అది ఇంకా పెద్ద నష్టం కాదా?

అనకాపల్లి రైతుబిడ్డ
ఒక్క మాట. ఇక్కడ ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధులకు నెలకు 4,000 ఇస్తున్నారు, మంచిదే. కానీ 18 ఏళ్లు కార్మికుడి పేరు మీద నెలనెలా పెన్షన్ ఖాతాకు జమ అయినాక 3,000 ఏంటి? ఈపీఎస్ కనీస పెన్షన్ 2014 నుంచి 1,000 దగ్గరే ఆగిపోయింది. 7,500 చేయాలని పెన్షనర్లు ఏళ్లుగా రోడ్డెక్కుతున్నారు. అది వస్తుందేమో, అప్పటిదాకా ఆగితే?

రిటైర్డ్ అకౌంటెంట్
ఆ డిమాండ్ న్యాయమైనదే. 2013లో రాజ్యసభకు చెందిన కోషియారీ కమిటీ కనీసం 3,000 ఇవ్వమంది, అదే ఇంకా అమలు కాలేదు. రాని పెంపు మీద ఈయన నిర్ణయం పెట్టుకోకూడదు.

కూకట్‌పల్లి యూనియన్
అందరూ 55, 58, 60 అని కొట్టుకుంటున్నారు. తమ్ముడి సర్వీస్ 18 ఏళ్లు అని ఎవరూ పట్టించుకోలేదు.

20 ఏళ్ల సర్వీస్ ఉండి 58కి పదవీ విరమణ చేసినవాళ్లకు రెండేళ్లు బోనస్‌గా కలుపుతారు. తమ్ముడికి రెండేళ్లే తక్కువ. పెన్షన్‌కు దరఖాస్తు పెట్టకుండా స్కీమ్ సర్టిఫికెట్ (ఇప్పటిదాకా చేసిన సర్వీసుకు పీఎఫ్ ఆఫీసు ఇచ్చే కాగితం) తీసుకుని, పీఎఫ్ ఉన్న ఉద్యోగంలో మళ్లీ చేరి 58 దాకా చేస్తే సర్వీస్ 21, బోనస్‌తో 23. పెన్షన్ దాదాపు 4,000కు వెళ్తుంది. ఇప్పుడు తీసుకుంటే వచ్చే 2,660తో పోల్చండి. ఉద్యోగం చేసే ప్రతి ఏడాదికీ 214 పెరుగుతుంది, కోత తప్పుతుంది, పైన బోనస్. ఎన్నాళ్లు బతుకుతామన్న లెక్క ఆ తర్వాత వేసుకోవచ్చు. ముందు, పీఎఫ్ ఉన్న పని దొరుకుతుందా తమ్ముడూ?

పటాన్‌చెరు ఫిట్టర్
అన్నా, ఈ బోనస్ సంగతి నాకు తెలియనే తెలియదు. రెండు పనులున్నాయి. ఇంటి దగ్గర చిన్న యూనిట్‌లో 18,000 ఇస్తామన్నారు, పీఎఫ్ లేదు. జీడిమెట్లలో కాంట్రాక్టర్ కింద 15,000, పీఎఫ్ ఉందంటున్నాడు. కటింగ్ పోగా 13,200 చేతికొస్తుంది. రోజూ రెండు బస్సులు మారాలి.

మధ్యలో నాకేమైనా అయితే సర్టిఫికెట్ చెల్లకుండా పోతుందా? మా ఆవిడ భయం అదే.

కూకట్‌పల్లి యూనియన్
పోదు. పదేళ్ల సర్వీస్ దాటింది కాబట్టి పెన్షన్ మొదలుకాక ముందు ఏమైనా జరిగినా ఆవిడకు కుటుంబ పెన్షన్ హక్కు ఉంటుంది. ఆ భయంతో పెన్షన్ దరఖాస్తు, అంటే ఫారం 10డి, పెట్టేయొద్దు.

లెక్క తేలాలి
ఇది విన్నాక నా మాట మారుస్తున్నాను. జీడిమెట్లలో నెలకు చేతికి 4,800 తక్కువ. అందులో 1,800 మీ సొంత పీఎఫ్‌లోకే వెళ్తుంది, యజమాని వాటాలోంచి ఇంకో 550 అందులో పడుతుంది. అసలు తగ్గేది 2,450. మూడేళ్లకు 88 వేలు. ఆ మూడేళ్లు వదులుకునే పెన్షన్ 96 వేలు కలిపితే లక్షా 84 వేలు. నెలకు 1,340 పెరిగితే పదకొండున్నర ఏళ్లలో, అంటే 70 లోపే తిరిగొస్తుంది. వదినగారి సగం కూడా 1,330 బదులు 2,000 అవుతుంది. బస్సు ఖర్చు, ఒంట్లో ఓపిక మీరే చూసుకోవాలి. ఓపిక లేదనుకుంటే మాత్రం పీఎఫ్ లేని పనిలో చేరి పెన్షన్ ఇప్పుడే మొదలుపెట్టుకోండి, 58 దాకా ఖాళీగా ఆగొద్దు.

రిటైర్డ్ అకౌంటెంట్
ఆ 4,000 ఒక షరతు మీద నిలబడి ఉంది. పెన్షన్ జీతం అంటే చివరి 60 నెలల సగటు. కాంట్రాక్టర్ మీకు 15,000 ఇస్తూ, పీఎఫ్ కాగితాల్లో 10,000 మీదే కడితే మూడేళ్లలో ఆ సగటు 12,000కు పడిపోతుంది. 2014 తర్వాత సర్వీసంతా ఆ 12,000 మీదే లెక్కేస్తారు. అప్పుడు బోనస్ కలిపినా 3,340 దగ్గర ఆగుతుంది, ఇన్ని బస్సులు మారింది దండగ. చేరేముందే ఏ జీతం మీద పీఎఫ్ కడతారో కాగితం మీద రాయించుకోండి. చేరాక మొదటి రెండు నెలలూ పాస్‌బుక్‌లో పెన్షన్ వాటా 1,250 పడుతోందో లేదో చూడండి. తక్కువ పడితే మూడో నెలే బయటికి వచ్చేయండి.

ఇంకోటి, 2007కు ముందు ఎక్కడైనా పీఎఫ్ కట్ అయిందా? పెన్షన్ డబ్బు అప్పట్లో తీసేసుకోకపోతే ఆ సర్వీస్ కూడా కలుస్తుంది.

పటాన్‌చెరు ఫిట్టర్
2003 నుంచి 2005 దాకా బొల్లారంలో ఒక చోట చేశాను సార్. పీఎఫ్ స్లిప్పులు ఇంట్లో ఎక్కడో ఉండాలి, డబ్బు తీసుకోలేదు. అవి వెతికి, పాత నంబర్ నా యూఏఎన్‌కు, అంటే ఇప్పటి శాశ్వత పీఎఫ్ నంబర్‌కు, కలపమని పీఎఫ్ ఆఫీసులో అడుగుతాను. కాంట్రాక్టర్‌ను రేపు పొద్దున కలుస్తున్నాను, 15,000 మీద కడతానని రాసిస్తేనే చేరతాను. 10డి మాత్రం ఇప్పుడు పెట్టడం లేదు.