బస్సు ఫ్రీ అయినాక కూడా పాపకు హాస్టల్ కావాలా? (తాడిపత్రి – అనంతపురం)

పెన్నా_గట్టు
మా పాపకు అనంతపురంలో బీటెక్ సీఎస్‌ఈ సీటొచ్చింది. జేఎన్‌టీయూఏ (అనంతపురం జేఎన్‌టీయూ యూనివర్సిటీ) కింద ఉండే ప్రైవేటు కాలేజీ, ఊరికి ఇవతల తాడిపత్రి రోడ్డు మీదే ఉంది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. హాస్టల్‌కు ఏడాదికి 80 వేలు చెప్తున్నారు. ఆడవాళ్లకు ఆర్టీసీ ఫ్రీ బస్సు పథకం స్త్రీశక్తి వచ్చినాక బస్సుకు రూపాయి ఖర్చు లేదు కదా, రోజూ పోయి రానీ అని ఇంట్లో అందరి మాట. నాకు మనసు ఒప్పడం లేదు. తెలిసినవాళ్లు లెక్కతో చెప్పండి.

పల్లెవెలుగు_సీమ
అన్నా, 2025 ఆగస్టు 15 నుంచి ఉన్న ఈ ఫ్రీ ప్రయాణం మీ రూట్లో పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులకే. నాన్‌స్టాప్ ఎక్కితే టికెట్ కొనాల్సిందే. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు, కార్డు బ్యాగులోనే ఉంచమనండి.

అసలు చిక్కు ఇంకోటి. కాలేజీ ఊరికి ఇవతల ఉందంటున్నారు. ఎక్స్‌ప్రెస్ గేటు ముందర ఆపుతాడని నమ్మకం పెట్టుకోవద్దు. ఆపకపోతే బస్టాండు దాకా పోయి, మళ్లా ఆటోలో వెనక్కి రావాల. ఆ ఆటో ఫ్రీ కాదు. పల్లెవెలుగు ఆపుతుంది గానీ ప్రతి ఊర్లో నిలబడుకుంటా వస్తుంది. డిపోలో మూడు సంగతులు కనుక్కోండి: పొద్దున ఏడు లోపల ఎన్ని బస్సులు, అవి గేటు దగ్గర ఆగుతాయా, సాయంత్రం ఐదు దాటినాక వెనక్కి ఎన్ని. తర్వాత ఏదో ఒక సోమవారం పాపతో కలిసి ఒకసారి పోయి రండి. ఆదివారం ఖాళీ బస్సు చూసి వేసిన లెక్క పనికిరాదు.

దిద్దుబాటు_సార్
నా మాట హాస్టలే, కనీసం మొదటి ఏడాది. కారణం మార్కుల్లోనే ఉంది.

ఒక్కో థియరీ సబ్జెక్టుకు 100 మార్కులు: ఇంటర్నల్ 30, సెమిస్టర్ పరీక్ష 70. ఆ ఇంటర్నల్ కోసం సెమిస్టర్‌కు రెండు మిడ్లు, అంటే మధ్యలో కాలేజీలోనే పెట్టే పరీక్షలు. ఎక్కువ వచ్చిన మిడ్‌కు 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం వెయిటేజీ. ఒకదాంట్లో 18, ఇంకోదాంట్లో 26 వస్తే ఇంటర్నల్ 24 పైచిలుకు. ఒక మిడ్ పూర్తిగా ఎగ్గొట్టి రెండోదాంట్లో 24 తెచ్చుకున్నా చేతికొచ్చేది 19 చిల్లరే. పాసవ్వాలంటే 70కి 35 శాతం, అంటే 25 మార్కులు రావాల. ఇంటర్నల్‌తో కలిపి మొత్తం కనీసం 40 రావాల. ఇంటర్నల్ 19 ఉన్న పిల్లకు 25 చాలు. 10 ఉన్న పిల్లకు 30 కావాల. ఆ ఐదు మార్కుల దగ్గరే సానామంది బ్యాక్‌లాగ్‌లో (తప్పిన సబ్జెక్టు మిగిలిపోవడం) పడతారు.

బస్సుకూ దీనికీ ఏం సంబంధం అంటారా? మొదటి మిడ్ సెమిస్టర్ సగంలోనే వచ్చి పడుతుంది. తెలుగు మీడియం పిల్లకు ఆ మొదటి వారాల్లో పాఠం కంటే పాఠం చెప్పే ఇంగ్లీషే బరువు. దానికి మందు ఒకటే: ఆ రోజు చెప్పింది ఆ రాత్రే తిరగేసి, కొత్త పదాలకు పక్కన తెలుగులో అర్థం రాసుకుని, ఒక జవాబు సొంత ఇంగ్లీషులో రాయడం. సబ్జెక్టుకు 20 నిమిషాలనుకున్నా రోజుకు గంటన్నర. పోను రాను, బస్సు కోసం కాచుకోను నాలుగు గంటలు పోయినాక ఆ గంటన్నర యాడ నుంచి వస్తుంది? ప్రోగ్రామింగ్ సంగతి సరేసరి. కోడ్ టైపు చేసి, ఎర్రర్ వచ్చి, అదెందుకు వచ్చిందో తెలుసుకుంటేనే వస్తుంది. నిలబడి ప్రయాణించే బస్సులో అది జరిగే పని కాదు.

మెస్_టోకెన్
సార్ లెక్క కాగితం మీద బాగుంది. హాస్టల్లో ఆ నాలుగు గంటలు చదువుకే పోతాయని ఎవరు చెప్పినారు? రూముకు నలుగురు. ఒకరికి ఫోను, ఒకరికి నిద్ర, ఒకరికి ఇంటి మీద బెంగ. స్టడీ అవర్‌లో వార్డెన్ లెక్కపెట్టేది తలకాయల్ని, పేజీలను కాదు. మిడ్ ముందు రాత్రి వరండాలో గుంపుగా కూర్చుని ముఖ్యమైన ప్రశ్నలు బట్టీ పట్టడమే హాస్టల్ చదువు అయిపోయింది. అటెండెన్స్ భయమూ ఎక్కువ చేసి చెప్తారు. 75 శాతం ఉండాల, 65 నుంచి 75 మధ్య ఉంటే డాక్టర్ సర్టిఫికెట్, ఫీజు కట్టి కండొనేషన్ (తగ్గిన హాజరుకు మాఫీ), 65 కిందికి పోతే డిటెయిన్, అంటే ఆ సెమిస్టర్ మళ్లా చదవాల్సిందే. రోజుకు ఏడు పీరియడ్లు, వారానికి ఆరు రోజులు అనుకుందాం. బస్సు లేటై వారానికి రెండు పీరియడ్లు పోయినా 42లో 2, ఐదు శాతం కూడా కాదు.

దిద్దుబాటు_సార్
శాతం నిలబడుతుంది, సబ్జెక్టు నిలబడదు. పోయేది ఎప్పుడూ మొదటి పీరియడే. టైంటేబుల్లో ఆ రెండు రోజులూ మొదటి పీరియడ్ మ్యాథ్స్ అయితే, వారానికి ఉండే మూడు నాలుగు క్లాసుల్లో సగం పోయినట్టే. పొద్దున ల్యాబ్ ఉన్న రోజు ఇంకా నష్టం: ప్రయోగం మొదలైనాక వస్తే ఆ రోజు రీడింగులు పక్కవాళ్లవి ఎక్కించుకోవడమే, వైవాలో దొరికిపోవడమే. బస్సే ఖాయం చేసుకుంటే టైంటేబుల్ చేతికి రాగానే మొదటి పీరియడ్లేవో చూసి, ఆ రోజుల్లో ఒక బస్సు ముందుగా బయల్దేరమనండి.

నాలుగో_అంతస్తు
అంకుల్, హాస్టల్ అనుకుంటే బ్రోషర్ చూసి కట్టొద్దు. రాత్రి ఏడు తర్వాత పోయి పై అంతస్తులో కుళాయి తిప్పి చూడండి. అనంతపురం ఎండల్లో మార్చి నుంచి కిందికి వచ్చే నీళ్లు పైకి ఎక్కవు. మంచానికొక ప్లగ్ ఉందా, కరెంటు పోతే ఫ్యాన్లకు జనరేటర్ ఉందా (చాలాచోట్ల లైట్లకే), మధ్యలో మానేస్తే డబ్బు ఎంత వెనక్కిస్తారు అనేది రసీదు మీద రాసిస్తారా అడగండి. మెస్ గురించి వార్డెన్‌ను కాదు, ప్లేటు పట్టుకుని నిలబడిన పిల్లలను అడగండి. ఉగ్గాని రోజు తప్ప మిగతా రోజులు ఏం తింటారో వాళ్లే చెప్తారు.

ఇంకోటి. చేరిన మూడు నాలుగు వారాలకు వచ్చేస్తానని ఏడుపు ఫోన్లు వస్తాయి, దాదాపు అందరికీ. ప్రతి శనివారం ఇంటికి పిలిపించుకుంటే ఆ బెంగ తగ్గదు, నోట్సు రాసే ఆదివారం కూడా పోతుంది. రెండు వారాలకోసారి చాలు. అయితే తిండి మానేసినా, నిద్ర పట్టడం లేదన్నా, ఎవరైనా సతాయిస్తున్నారన్నా అది బెంగ కాదు, వెంటనే పోవాల. ర్యాగింగ్ అయితే 1800-180-5522 హెల్ప్‌లైన్ ఉంది.

మెస్_టోకెన్
నేను హాస్టలే వద్దనలేదు. మొదటి ఏడాదికి వద్దంటున్నా. 80 వేలు పెట్టగలిగేది ఒక్క ఏడాదికే అయితే అది మూడో ఏడాదికి దాచండి. అప్పుడు సాయంత్రం ప్లేస్‌మెంట్ ట్రైనింగ్, కోడింగ్ పరీక్షలు, ప్రాజెక్టు ఉంటాయి. ఐదు గంటల బస్సు కోసం పరిగెత్తే పిల్లకు అవన్నీ చేజారతాయి. మొదటి ఏడాది నాలుగుకో నాలుగున్నరకో వదిలేస్తారు.

దిద్దుబాటు_సార్
మొదటి ఏడాదిలో మూడు బ్యాక్‌లాగులు పెట్టుకున్న పిల్లకు మూడో ఏడాది ట్రైనింగ్ ఏం పనికొస్తుంది? బ్యాక్‌లాగులు ఉన్నవాళ్లను చాలా కంపెనీలు పరీక్షకే కూర్చోనివ్వవు. పాప ఇంగ్లీష్ మీడియం అయ్యుంటే మీ మాట ఒప్పుకునేవాణ్ణి.

పల్లెవెలుగు_సీమ
ఇద్దరూ డ్రాఫ్టర్ (డ్రాయింగ్ బోర్డుకు బిగించి గీతలు గీసే పరికరం) సంగతి మరిచినారు. ఇంజినీరింగ్ గ్రాఫిక్స్ ఉన్న రోజు డ్రాఫ్టర్, షీట్లు పట్టుకుని నిండిన పల్లెవెలుగు ఎక్కడం ఒక ప్రత్యేక విద్య. షీట్లకు మూత ఉండే గొట్టం కొనియ్యండి, లేదంటే డ్రాయింగ్ మడతలు పడి పోతుంది.

పెన్నా_గట్టు
సోమవారం పోయి చూస్తాం. మొదటి సెమిస్టర్ వరకే హాస్టల్ ఇమ్మంటే ఇస్తారా?

నాలుగో_అంతస్తు
కొన్నిచోట్ల రెండు విడతల్లో కట్టించుకుంటారు, కానీ ఏడాది మొత్తానికి సంతకం పెట్టించుకుంటారు అంకుల్. సీట్లు నిండకముందు, ఆగస్టులో అడిగితే బేరానికి చోటుంటుంది. సెమిస్టర్‌కే అని రసీదు మీద రాయించుకున్నాకే డబ్బు కట్టండి.

మెస్_టోకెన్
రాసివ్వనంటే బస్సే.