సమస్య: పుస్తకమ్ము చదివి పోయె నసువు

నిర్వాహకుడు (తిరుపతి): ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం, మిగతా మూడూ మీరు పూరించాలి. మన బృందంలో చాలామంది ఇటలీ మఠంలో జరిగే హత్యల మీద ఉంబెర్టో ఎకో రాసిన నవల "ద నేమ్ ఆఫ్ ది రోజ్" (1980) చదువుతున్నారు, కొందరు దాన్నే 2019లో తీసిన ఎనిమిది భాగాల టీవీ నాటకం చూశారు. పూరణలు ఆ రెండింటి మీదే రావాలి. హంతకుడెవరో బయటపడుతుంది కాబట్టి నవల ముగించనివాళ్ళు ముందు ముగించి రండి.

చంద్రగిరి టీచరమ్మ:

అంచులందు విషము నలదిన గ్రంథమ్ము
తడుము వ్రేలు నోట తడిపి తిప్ప
గ్రీకు నెరుగు యతికి కీడాయె నా రాత్రి
పుస్తకమ్ము చదివి పోయె నసువు

నిర్వాహకుడు: రెండో పాదం చదువుతుంటే పుట తిప్పే వేలు కళ్ళకు కడుతోందమ్మా. అయితే హత్యల ఆరా తీసే సన్యాసి విలియం దర్యాప్తు అంతా చచ్చినవాళ్ళ నల్లబడ్డ వేళ్ళు, నాలుకల చుట్టూ తిరుగుతుంది. ఆ నలుపు పద్యంలో ఎక్కడా లేదు. మూడో పాదం "తెల్లవారు వేళ నల్లనౌ నాల్కతో" అంటే? ప్రాసయతి సరిపోతుంది.

చంద్రగిరి టీచరమ్మ: పాదం బాగుంది సార్, కానీ అప్పుడు చచ్చిందెవరో తెలియదు. దాచిన పుస్తకం అరిస్టాటిల్ హాస్యం మీద రాశాడనే గ్రీకు గ్రంథం. గ్రీకు అనువాదకుడు వెనాన్షియస్ దాన్ని చదవగలడు కాబట్టే విషం అతనికి ఎక్కింది. చదువే మృత్యువైందన్న మాట గ్రీకు లేకుండా ఎలా చెప్పను? నా పాదం ఉండనివ్వండి.

పలమనేరు మిత్రుడు: అమ్మ మాటే సబబు. నాది నాటకం మీద.

తెరను చూచినపుడు తీరుగా దోచిన
కన్నె కక్ష కథకు కడకు నేడు
మూలమందు దాని ముచ్చటే లేదాయె
పుస్తకమ్ము చదివి పోయె నసువు

నిర్వాహకుడు: ప్రాణం పోయింది మనిషికి కాదు, కథకు. విరుపు చక్కగా ఉంది, యతులన్నీ కుదిరాయి. చర్చి మతద్రోహి అని ముద్రవేసిన డోల్చినో కూతురు అన్నా పగ తీర్చుకోవడానికి తిరిగే కథ నాటకంవాళ్ళు కల్పించిందే. ఆమె తెర మీదికి వచ్చినప్పుడల్లా మనం మఠం గోడలు దాటి మంచుకొండల్లో పడతాం. నవలకున్న పట్టంతా ఆ గోడల వల్లే: ఏడు రోజులు, ప్రార్థనవేళల లెక్కన నడిచే దినచర్య, లోపలివాళ్ళలోనే ఒకడు హంతకుడు. ద్వారం తెరిచేస్తే అనుమానం గాలికి పోతుంది. విలియం శిష్యుడూ కథ చెప్పేవాడూ అయిన అడ్సో ప్రేమించిన పల్లెపిల్ల సంగతీ అంతే. నవలలో ఆమె పేరు అతనికి ఎన్నటికీ తెలియదు. ముసలితనంలో అతను రాసుకున్న ఆ దుఃఖం ముందు నాటకం ఆమెకిచ్చిన అన్ని సన్నివేశాలూ తేలిపోయాయి.

పుత్తూరు సోదరి: అన్నా, నాటకాన్ని మరీ తీసిపారేయకండి. జాన్ టర్టురో విలియంగా ఎంత నెమ్మదిగా, ఎంత కరుణతో మాట్లాడాడు! రూపర్ట్ ఎవరెట్ వేసిన మతవిచారణాధికారి బెర్నార్డో గీ విచారణ సాగుతుంటే నాకు చెమటలు పట్టాయి. నవలలో వేదాంత చర్చల దగ్గర పేజీలు దాటేసినదాన్ని, నాటకం చూశాకే వాటి వెనకున్న భయం అర్థమై మళ్ళీ చదివాను.

నిర్వాహకుడు: ఆ విచారణ విషయంలో మీతో ఏకీభవిస్తానమ్మా. నాటకంలో నాకు మిగిలిందీ అదే.

శ్రీకాళహస్తి మిత్రుడు:

అరను వీడి పాట లందెను మనకిట
రాగిరేకు వ్రాత రాల్చె దేనె
దాచు మఠమునందు దాపురించెను కీడు
పుస్తకమ్ము చదివి పోయె నసువు

పలమనేరు మిత్రుడు: తిరుమలలో అన్నమయ్య కీర్తనల రాగిరేకులు దాచిన తాళపాక అర గుర్తొచ్చి ఒళ్ళు పులకరించింది. 1922లో ఆ రేకులు బయటికి రాకపోతే, వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంటివాళ్ళు పరిష్కరించకపోతే, ఈరోజు మన ఇళ్ళల్లో ఆ కీర్తనలెక్కడివి? ఒక్క మాట. మొదటి రెండు పాదాలు తిరుమలవి, తర్వాతివి ఇటలీవి, మధ్యన వంతెన లేదు. "అచటి మఠమునందు నాపద వాటిల్లె" అంటే "ఇట"కు జోడు కుదురుతుంది.

శ్రీకాళహస్తి మిత్రుడు: జోడు కుదిరి "దాచు" పోతుంది. ఆ మాట కోసమే పద్యం రాశాను.

నిర్వాహకుడు: "దాచు" ఉండాల్సిందే.

పుత్తూరు సోదరి: నేను "నవ్వు పాపమన్న గుడ్డివాని చేత" అని ఎత్తుకుని ఆగిపోయాను. ఆ పుస్తకాన్ని ఎవరూ చదవకుండా దాచిన గుడ్డి సన్యాసి జార్జ్ గురించి.

నిర్వాహకుడు: చివరి గణం జగణమైంది, న-గు యతి చెల్లదు. "నరుడొక్క డంధుడై" అని చూడమ్మా, యతి, గణాలు రెండూ కుదురుతాయి.

పుత్తూరు సోదరి:

నవ్వు పాపమన్న నరుడొక్క డంధుడై
పుటలు తానె నమిలి పొట్ట నింపె
మంటలందు గూలె మరియెవ్వ రనిరయా
"పుస్తకమ్ము చదివి పోయె నసువు"?

చంద్రగిరి టీచరమ్మ: అబ్బ, ఎంత బాగా ఎదురు తిరిగావమ్మా! చదవనివ్వనివాడే విషపు పుటలు మింగాడు, గ్రంథాలయం మొత్తం కాలిపోయింది. సమస్య పాదాన్నే నిలదీశావు. ఈ వారం నా ఓటు దీనికే.

నిర్వాహకుడు: నాదీ. ఆదివారం రాత్రిదాకా పూరణలు పంపవచ్చు, విలియం చేతితొడుగు వేసుకుని పుట తిప్పిన ఘట్టం మీద ఇంకా ఎవరూ రాయలేదు.