ఒకే లినక్స్ యంత్రంపై 40 మంది: ప్రాసెస్ పరిమితి ఎంత ఉంచాలి?

అందరికీ నమస్కారం. అనంతపురంలోని ఒక కళాశాల ప్రయోగశాలలో 32 జీబీ మెమరీ ఉన్న ఒకే లినక్స్ యంత్రంలోకి దాదాపు 40 మంది విద్యార్థులు ఒకేసారి లాగిన్ అవుతారు. దాని నిర్వహణ నాది. గత వారం ఒక విద్యార్థి రాసిన ఫోర్క్ ప్రోగ్రాం ఆగకుండా ప్రాసెస్‌లను (నడుస్తున్న ప్రోగ్రాంలను) పుట్టిస్తూ పోవడంతో యంత్రం స్తంభించి, మిగిలినవారు సేవ్ చేయని పనంతా పోయింది. పరీక్షలు దగ్గరపడిన వేళ అది మళ్లీ జరగకూడదని నా ఆరాటం.

వెంటనే వినియోగదారుల పరిమితులను నిర్ణయించే లిమిట్స్ ఫైలులో ఎన్‌ప్రాక్ (ఒక వినియోగదారు నడపగల ప్రాసెస్‌ల గరిష్ఠ సంఖ్య) విలువను 100గా పెట్టాను. అయితే లినక్స్ ఆ లెక్కలో త్రెడ్లను (ఒకే ప్రాసెస్‌లో సమాంతరంగా సాగే పనులను) కూడా కలుపుకుంటుంది, పైగా ఒక వినియోగదారు తెరిచిన సెషన్లన్నిటినీ కలిపే లెక్కిస్తుంది కాబట్టి, ఎడిటర్ తెరిచి జావా ప్రోగ్రాం నడిపేసరికే కొందరికి కొత్త త్రెడ్ పుట్టడం లేదు. ఒక ప్రాసెస్ ఒకేసారి తెరవగల ఫైళ్ల మృదు పరిమితి (సాఫ్ట్ లిమిట్) 1024తో మాత్రం ఇబ్బంది లేదు.

ఎన్‌ప్రాక్‌ను 400కు పెంచితే సరిపోతుందా, లేక లినక్స్‌లో సేవలను, సెషన్లను నిర్వహించే సిస్టమ్‌డీలో ప్రతి వినియోగదారు స్లైస్‌కు (అతని ప్రాసెస్‌లన్నిటి సమూహానికి) టాస్క్స్‌మ్యాక్స్ (ప్రాసెస్‌లు, త్రెడ్ల సంఖ్యకు పరిమితి)తో పాటు మెమరీమ్యాక్స్ (మెమరీ వాడకానికి పరిమితి) కూడా విధించాలా? ప్రాసెస్‌ల సంఖ్యను కట్టడి చేసినా ఒక్క ప్రోగ్రామే మెమరీనంతా మింగేయగలదు కనుక రెండో మార్గమే సరైనదని నాకు తోస్తోంది. ఇలాంటి ప్రయోగశాలను నడిపినవారు తాము ఉంచిన విలువలను, వాటిని ఎలా నిర్ణయించారో దయచేసి తెలుపగలరు.