వాట్సాప్ వేలం పాటలో బొటనవేలి ఎమోజీ పెడితే బేరం కుదిరినట్టేనా?

ఉప్పుకాలవ:
మాది నెల్లూరు జిల్లా విడవలూరు వైపు, అయిదెకరాల రొయ్యల చెరువు. పోయిన నెల మా ఆక్వా వాట్సాప్ గ్రూపులో ఒకాయన చెరువు మానేస్తున్నానని ఎనిమిది పాత ఏరేటర్లు (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలు), ఒక డీజిల్ జనరేటర్ కలిపి ఒకే లాటుగా పాటకి పెట్టాడు. ఆయన రాసింది ఇదీ: "శనివారం రాత్రి 9కి ఎవరి పాట ఎక్కువుంటే వాళ్లకే. ఆ తర్వాత బేరాల్లేవు."

8:58కి నేను 2,10,000 అన్నాను. ఆపైన ఎవరూ పాడలేదు. 9:04కి ఆయన నా మెసేజ్ మీద బొటనవేలి ఎమోజీ (👍) పెట్టాడు. అంతే, మాటేమీ రాయలేదు. 9:20కి నేను విడిగా "అకౌంట్ నంబర్ పంపండి, బుధవారం సీడ్ వదలాలి, మంగళవారం బండి తెస్తా" అని పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి, "మా బావమరిది 2,45,000 ఇస్తానంటున్నాడు, అంతకి మీరు తీసుకుంటారా?" అన్నాడు. కుదరదన్నాను. సరుకు బావమరిది చెరువుకి పోయింది.

నేను భీమవరం పోయి అలాంటివే 2,38,000కి తెచ్చుకున్నా. సీడ్ (రొయ్య పిల్లలు) వదలడం తొమ్మిది రోజులు ఆలస్యమైంది. ఆ పిల్లల్ని అమ్మే హ్యాచరీకి కట్టిన 15,000 పోయింది. పంట వెనకబడిన నష్టం వేరే. ఇదంతా ఆయన దగ్గర రాబట్టొచ్చా? మా నాయనేమో "బయానా ఇవ్వలేదు కదరా, ఇంక బేరమెక్కడిది" అంటున్నాడు.

గూడూరు నిమ్మ:
మీ నాయన చెప్పిందే నిజం. రూపాయి చేతులు మారకుండా బేరమేంది? పైగా బొటనవేలంటే "చూశాను" అని. మా గ్రూపులో చావు కబురుకి కూడా పెడతారు.

నల్లకోటు ఒంగోలు:
బయానా సంగతి ముందు తేల్చేద్దాం. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం, సెక్షన్ 5 ప్రకారం అమ్మకం ఒప్పందం నోటిమాటతోనైనా కుదురుతుంది. డబ్బు, సరుకు రెండూ తర్వాత ఇచ్చిపుచ్చుకునేట్టు కూడా రాసుకోవచ్చు. బయానా ఉంటే సాక్ష్యం గట్టిపడుతుంది, లేనంత మాత్రాన ఒప్పందం పోదు. వాట్సాప్‌లో జరిగిందనే కారణంతో చెల్లదనడానికీ లేదు, ఐటీ చట్టంలో 10ఏ సెక్షన్ ఉంది.

బొటనవేలి విషయం నిజంగానే వాదించాల్సింది. కెనడాలోని సస్కచెవాన్‌లో అచ్చం ఇలాంటి కేసే నడిచింది. అవిసె గింజలు కొనే కంపెనీ ఒప్పందం కాగితాన్ని ఫోటో తీసి రైతుకి పంపి, ఖాయం చేయమంది. రైతు బొటనవేలు పెట్టాడు. సరుకు ఇవ్వలేదు. అందింది అని చెప్పడానికే పెట్టానని ఆయన వాదన. 2023లో కోర్టు అది ఒప్పుకోవడమేనంది, 82,000 డాలర్ల పైచిలుకు కట్టమంది. ఆ ఇద్దరి మధ్య అంతకుముందు కూడా "ఓకే", "సరే" లాంటి పొట్టి జవాబులతో బేరాలు నడిచాయి, కోర్టు దాన్నీ చూసింది. కాబట్టి చావు కబురుకి పెట్టిన బొటనవేలు వేరు, పాట ముగిసిన నాలుగు నిమిషాలకి చివరి పాట మీద పెట్టిన బొటనవేలు వేరు.

కొండపి బ్యారన్:
నేను ఏటా పొగాకు వేలానికి పోయేవాణ్ణి. పొగాకు బోర్డు వేలం కేంద్రంలో కంపెనీవాడు ఎంత పాడినా, ఆ రేటు నచ్చకపోతే రైతు తన బేలు (పొగాకు మూట) వెనక్కి తీసుకుపోవచ్చు. పాట ఎక్కువైందని అమ్మేవాడి మెడకి ఉచ్చు వెయ్యడం ఎక్కడి న్యాయం? మన జిల్లాలో అందరికీ తెలిసిన వేలం అదే.

నల్లకోటు ఒంగోలు:
మంచి మాట అన్నారు. మామూలుగా పాట అంటే కొనేవాడి ప్రతిపాదన మాత్రమే. 1789లో ఇంగ్లండులో పేన్ - కేవ్ కేసు నుంచీ ఇదే లెక్క, సుత్తి పడేలోపు పాడినవాడు వెనక్కి తగ్గొచ్చు. మన సరుకుల అమ్మకం చట్టం సెక్షన్ 64 కూడా సుత్తి పడ్డప్పుడో, అలవాటైన మరో పద్ధతిలో ముగిసిందని ప్రకటించినప్పుడో అమ్మకం పూర్తవుతుందంటుంది. పొగాకు కేంద్రంలో కాదనే హక్కు రైతుకి ఉందని పాటకి ముందే అందరికీ తెలుసు. ఇక్కడ అమ్మేవాడు తన చేత్తో ఆ హక్కు వదులుకున్నాడు, "ఎక్కువుంటే వాళ్లకే" అని.

ఇంగ్లండులో 2000లో ఒక కేసు వచ్చింది. కనీస ధర లేదని చెప్పి పెట్టిన వేలంలో ఒక్కోటి 14,000 పౌన్లకి పైగా విలువుండే రెండు ఇంజిన్ పరీక్ష యంత్రాలకి ఒకడు 200 చొప్పున పాడాడు. వేలందారు ఇవ్వనన్నాడు. పాడినవాడికి 27,600 పౌన్ల నష్టపరిహారం వచ్చింది.

గూడూరు నిమ్మ:
కెనడా, ఇంగ్లండు! సార్, కేసు నెల్లూరు కోర్టులో వెయ్యాలి.

నల్లకోటు ఒంగోలు:
నిజమే, ఆ తీర్పులు మన కోర్టుని కట్టిపడెయ్యవు, దారి చూపిస్తాయంతే. నా మటుకు ఒప్పందం కుదిరిందనే అంటాను. తొమ్మిది కొట్టడం ఒక్కటే అయితే సందేహించేవాణ్ణి. బొటనవేలు దాన్ని ముగించింది.

చెరువుగట్టు అక్క:
నాకో అనుమానం. బావమరిది కూడా అదే గ్రూపులో ఉన్నాడా? ఉంటే, తెలిసి తెలిసి కొన్నట్టు కదా. ఆ సరుకే వెనక్కి అడగకూడదా? ఇంకోటి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే వినియోగదారుల కమిషన్‌లో అయిపోదా?

ఉప్పుకాలవ:
ఉన్నాడక్కా. 1,80,000 దాకా పాడి ఆగిపోయాడు కూడా.

నల్లకోటు ఒంగోలు:
కమిషన్ ఇక్కడ పనికిరాదమ్మా. అమ్మినాయన వ్యాపారి కాదు, ఒక్కసారి తన సామాను అమ్ముకున్న రైతు. ఇంటికోసం ఏదో వెబ్‌సైటులో కొన్న ఫ్రిజ్ గొడవైతే వేరు, కంపెనీ ఎక్కడున్నా నెల్లూరులోనే వెయ్యొచ్చు, అయిదు లక్షల లోపుకి ఫీజు కూడా లేదు.

సరుకు వెనక్కి అడగడం ఆకర్షణగా ఉంటుంది. ముందు కొన్నవాడి సంగతి తెలిసి కొన్నాడు గనక, తెలియక కొన్నవాణ్ణి కాపాడే సెక్షన్ 30 బావమరిదిని కాపాడదని వాదించొచ్చు. కానీ డబ్బు కట్టలేదు కదా, అవతలి లాయరు అక్కడే పట్టుకుంటాడు. పాత ఏరేటర్లు బజారులో దొరికేవే, తెచ్చుకున్నారు కూడా. డబ్బు అడగడమే తెలివి.

ఎంత అంటే, సెక్షన్ 57, ఒప్పందాల చట్టం సెక్షన్ 73 కలిపి చూస్తే ఒప్పుకున్న ధరకీ, మాట తప్పిన రోజు బజారు ధరకీ తేడా. మీ లెక్కన 28,000. ఇక్కడ జాగ్రత్త. 1961లో సుప్రీంకోర్టు తేల్చిన మురళీధర్ చిరంజీలాల్ కేసులో కాన్వాస్ అందాల్సింది కాన్పూరులో, కొనుగోలుదారు చూపించింది కలకత్తా రేటు. కాన్పూరు రేటు రుజువు చెయ్యలేదని చేతికి ఏమీ రాలేదు. మీరు భీమవరం బిల్లు పట్టుకుని వస్తే అదే దెబ్బ తగలొచ్చు. మీ చుట్టుపక్కల ఆ వారంలో పాత సెట్లు ఏ రేటుకి పోయాయో, లేదా అసలు దొరకలేదనో చెప్పే ఇద్దరు రైతుల్ని వెతకండి.

హ్యాచరీ 15,000, పంట నష్టం మాత్రం కష్టం. 1854 నాటి హ్యాడ్లీ కేసు గుర్తుందా? పిండిమర క్రాంక్‌షాఫ్ట్ విరిగింది, బండివాడు ఆలస్యంగా చేర్చాడు, మర ఆగిన నష్టం రాలేదు. ఆ షాఫ్ట్ రాకపోతే మర తిరగదని అతనికి ముందే తెలియదు గనక. మన సెక్షన్ 73 కూడా మామూలుగా వచ్చే నష్టం పైన, ఒప్పందం చేసుకునేటప్పుడు ఇద్దరికీ తెలిసిన నష్టాన్నే లెక్కలోకి తీసుకుంటుంది.

కొండపి బ్యారన్:
అంటే 9:04కి బేరం కుదిరిందంటే, బుధవారం సీడ్ అని 9:20కి చెప్పడం లేటు! పదహారు నిమిషాలకి పంట పోయిందన్నమాట. మరి బేరం తర్వాతే కుదిరిందని వాదిస్తే?

నల్లకోటు ఒంగోలు:
అప్పుడు బేరమే పోతుంది. 9:20 తర్వాత ఆయన ఒప్పుకున్నది ఏదీ లేదు కదా.

ఉప్పుకాలవ:
ఆగండి, ఇప్పుడు గుర్తొచ్చింది. శుక్రవారం నేనే గ్రూపులో "బుధవారం సీడ్, పాత ఏరేటర్లు ఎవరి దగ్గరైనా ఉన్నాయా" అని అడిగాను. దానికి జవాబుగానే ఆయన ఆ పాట పెట్టాడు. నా మెసేజ్‌నే పట్టుకుని రిప్లై ఇచ్చాడు.

నల్లకోటు ఒంగోలు:
ఇది ముందే చెప్పాల్సింది కదయ్యా! అయితే హ్యాచరీ డబ్బుకి గట్టి ఆధారం దొరికింది. పంట నష్టం మాత్రం ఇంకా అనుమానమే, వైరస్ రాకుండా రేటు పడకుండా అంత లాభం వచ్చేదని ఎవరు రుజువు చేస్తారు?

గూడూరు నిమ్మ:
43,000 కోసం మూడేళ్లు కోర్టు చుట్టూ తిరిగితే బస్సు చార్జీలకే సరి. న్యాయసేవల సంస్థకి దరఖాస్తు పెట్టి, కేసు వెయ్యకముందే లోక్ అదాలత్‌కి పిలిపించండి. ఫీజు లేదు. నేను ఒప్పుకోకపోయినా దారి చెబుతున్నా.

నల్లకోటు ఒంగోలు:
నేనూ అదే అంటాను, ముందు ఒక నోటీసు పంపి. ఇప్పటికిప్పుడు చెయ్యాల్సింది ఒకటుంది. స్క్రీన్‌షాట్లు చాలవు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్‌తో చాట్ పెట్టాలి. గ్రూపులో మెసేజ్‌లు వాటంతటవే చెరిగిపోయే సెట్టింగ్ ఉందా?

ఉప్పుకాలవ:
ఉంది. 90 రోజులు. ఈ రాత్రికే ఎక్స్‌పోర్ట్ చేస్తా, ఫోన్ కూడా మా వాడికి ఇవ్వను.