అప్‌డేట్: అమ్మ "బాగున్నా" అనే మాట వెనక

నెల క్రితం ఇక్కడ మిమ్మల్ని అడిగాను, రొమ్ము క్యాన్సర్‌కి కీమో తీసుకుంటున్న మా అమ్మ ఎవరు ఫోన్ చేసినా "నాకేం, బ్రహ్మాండంగా ఉన్నా" అని నవ్వేస్తుంది, నిజం ఎలా చెప్పించాలి అని.

పోయిన ఆదివారం గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటికి చుట్టాలొచ్చారు. అమ్మ తలకి స్కార్ఫ్ కట్టుకుని, బొట్టు పెట్టుకుని, గోంగూర పచ్చడి తనే అందరికీ వడ్డించింది, తను మాత్రం ఉత్త పెరుగన్నం కెలుకుతూ కూర్చుంది. నోటి నిండా పుండ్లు, కారం సంగతి అటుంచి ఉప్పు తగిలినా మంటే. వాళ్లు వెళ్లాక జాకెట్టు హుక్కులు తీయమని పిలిచింది. పాక్లిటాక్సెల్ అనే కీమో మందు మొదలైన దగ్గర్నుంచి వేళ్లు తిమ్మిరెక్కి ఏదీ పట్టు దొరకడం లేదట, మూడు వారాలుగా! ఇద్దరం ఏడ్చాం. "నేను డీలా పడితే మీ నాన్న అన్నం మానేస్తారే" అంది.

"బాగున్నావా అని కాదు, ఏం తిన్నావు, రాత్రి ఎన్నిసార్లు లేచావు అని అడుగు" అని మీలో ఒకరన్నారు. నిజంగా అదే పనిచేసింది. అన్నీ నోట్‌బుక్‌లో రాసి చూపిస్తే డాక్టరుగారు డోసు తగ్గించారు, నోటికి మందు రాశారు. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే అర్ధరాత్రయినా రమ్మన్నారు, తెల్ల రక్తకణాలు తగ్గినప్పుడు చిన్న ఇన్ఫెక్షనే ప్రాణం మీదకు తెస్తుందట, పారాసెటమాల్ వేసుకుని ఊరుకోకూడదట. ఆ ఒక్క విషయంలో అమ్మ దగ్గర ఒట్టు వేయించుకున్నాను.

చుట్టాల ముందు నవ్వితే నవ్వనీ, అది తన ఇష్టం. నాన్న నిద్రపోయాక నాతో మాత్రం అన్నీ చెబుతోంది. ఇంకా నాలుగు డోసులున్నాయి.