‘సామర్థ్యం’ అనే మాటకు ఎన్ని అర్థాల బరువు? పవర్ సప్లై సందర్భంగా ఒక చర్చ

సభ్యులకు నమస్కారం. డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు మంచి పవర్ సప్లైని (గోడ సాకెట్ కరెంటును కంప్యూటర్ భాగాలకు తగినట్టు మార్చి ఇచ్చే పెట్టెను) ఎంచుకోవడం గురించి రాస్తూ “650 వాట్ల సామర్థ్యం, 80 శాతం సామర్థ్యం” అన్నాను. అది చదివిన మిత్రుడొకరు “అయితే చేతికి వచ్చేది 520 వాట్లే కదా” అన్నారు. లెక్క తప్పు, కానీ ఆ తప్పుకు దారి తీసింది నా మాటే.

పెట్టె మీద ఉన్న 650 వాట్లు అది కంప్యూటర్‌కు ఇవ్వగలిగినంత. పూర్తి లోడు మీద, అంటే ఇవ్వగలిగినంతా ఇస్తున్నప్పుడు, ఎఫిషియెన్సీ (తీసుకొన్న దానిలో కంప్యూటర్‌కు అందే వంతు) 80 శాతమే అయితే, అది గోడ సాకెట్ నుంచి సుమారు 812 వాట్లు తీసుకొని, అందులో 162 వాట్లను వేడిగా పోగొడుతుంది. అదే 90 శాతమైతే తీసుకొనేది 722, వేడిగా పోయేది 72 మాత్రమే. కంప్యూటర్‌కు అందే 650లో కోత ఉండదు; నష్టం చేరేది గోడ నుంచి తీసుకొనే లెక్కలోనే.

మన భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు పవర్‌ను ‘సామర్థ్యం’ అనీ, ఎఫిషియెన్సీని ‘దక్షత’ అనీ ఏనాడో విడదీశాయి. వాడుకలో మాత్రం ఈ రెండింటితో పాటు కెపాసిటీని కూడా ‘సామర్థ్యం’ నెత్తినే పెడుతున్నాం. సమర్థుడు పని చేయగలవాడు, దక్షుడు ఆ పనిని నేర్పుగా నెరవేర్చేవాడు. ‘కార్యదక్షుడు’ అన్నప్పుడు మనకు ఆ తేడా చెవికి తెలుస్తూనే ఉంటుంది. కాబట్టి వాట్లకు సామర్థ్యం, శాతానికి దక్షత అని రాయడమే సరైనదని నా దృఢమైన అభిప్రాయం.

పవర్ సప్లైల మీద కనిపించే, 2004లో మొదలైన ‘80 ప్లస్’ అనే ధ్రువీకరణ ముద్ర చెప్పేది కూడా దక్షతనే: 20, 50, 100 శాతం లోడుల వద్ద కనీసం 80 శాతం. అందులోనే పై మెట్టు అయిన గోల్డ్ స్థాయికి 115 వోల్టుల పరీక్షలో అవి 87, 90, 87 శాతాలు. అయితే దక్షతను ‘నాణ్యత’ అని అనువదించడం మరో పొరపాటు. నాణ్యత తెలియాలంటే పవర్ సప్లై పక్కన అంటించిన పట్టిక చూడాలి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా వాడుకొనేది 12 వోల్టుల కరెంటునే; ఆ గడిలో 54 ఆంపియర్లు అని ఉంటే 648 వాట్లు, అంటే చెప్పిన సామర్థ్యం దాదాపు మొత్తం అక్కడే దొరుకుతుంది. 30 ఆంపియర్లే ఉంటే 360 వాట్లే, పెట్టె మీద ఎంత పెద్ద అంకె వేసినా సరే. షార్ట్ సర్క్యూట్, ఓవర్ వోల్టేజీల నుంచి రక్షణ, 105 డిగ్రీలకు తట్టుకొనే కెపాసిటర్లు ఆ తరువాతి పరిశీలనలు.

ఇక ఒక మాట దగ్గర మీ సాయం కావాలి. స్థిరంగా ఉండవలసిన డీసీ వోల్టేజీ మీద కనిపించే స్వల్పమైన ఎగుడుదిగుడును రిపుల్ అంటారు. డెస్క్‌టాప్ పవర్ సప్లైలకు వర్తించే ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 12 వోల్టుల దగ్గర అది 120 మిల్లీవోల్టులు దాటకూడదు. దీనికి ‘చిరుఅల’ అనవచ్చునా, లేక రిపుల్ అనే ఉంచడం మేలా?